ఇంటి నాలుక

మార్చి 4

ఈ నోటుబుక్కు దుకాణం కోసం కొన్నది. గీతలు మరీ సన్నగా ఉండి రిజిస్టరుకి పనికిరాలేదు. అందులో రాయకూడనివి ఇందులో రాసుకుంటాను.

నా మనవరాలు పిట్ట ఈ రోజు కూడా తప్పు చెప్పింది.

మొదటి ట్రే ఆరూ పదికి దిగింది. ఎప్పటిలాగే మొదటి బన్ను విరిచి నడిమి ముక్క దాని చేతిలో పెట్టాను. నీళ్ళు తాగకుండా నమిలి, ఇరవై అంకెలు లెక్కపెట్టేదాకా నాలుక మీద ఉంచుకుని, అప్పుడు చెప్పాలి. "ఉప్పు తక్కువ" అంది. ఉప్పు తూచింది నేను. కిలో పిండికి పద్దెనిమిది గ్రాములు. మళ్ళీ అడిగితే "ఏమో నాయనమ్మా, ఏం తెలియట్లేదు" అంది.

ముప్పై ఒక్క ఏళ్ళు ఈ బేకరీలో రుచి చూసింది నేను. ఐదేళ్ళ కిందట జ్వరం వచ్చి నా నాలుక మొద్దుబారాక పని పిట్టకి వచ్చింది. మా వాడి నాలుక సిగరెట్లకి తప్ప దేనికీ పనికిరాదు. అప్పటికి నా మనవరాలికి ఏడేళ్ళు. కిలోకి ఒక్క గ్రాము తేడా వచ్చినా కళ్ళు మూసుకుని చెప్పేది. పొయ్యి దగ్గరి మేస్త్రి దాన్ని "ఇంటి నాలుక" అంటాడు. రేపు ఈ బేకరీ నడపాల్సింది అదే. అలాంటిది పన్నెండేళ్ళు వచ్చాక ఇలా తయారైంది. ధ్యాస లేదు, అంతే.

"రేపటి నుంచి తప్పు చెబితే ఇంకో ముక్క. సరిగ్గా చెప్పేదాకా" అన్నాను.

నేనేమీ కోప్పడలేదు.

మార్చి 5

నాలుగు అదనపు ముక్కలు. నాలుగోసారి "సరిపోయింది" అంది. ధ్యాస పెడితే ఎందుకు రాదు?

మార్చి 11

నోరు మళ్ళీ పూసిందట. టార్చి వేసి చూశాను. కింది పెదవి లోపల రెండు, నాలుక పక్కన ఒకటి. తెల్లగా, చుట్టూ ఎర్రగా, కందిగింజంత. గోరువెచ్చని నీళ్ళలో ఉప్పు వేసి పుక్కిలించమన్నాను. కళ్ళలో నీళ్ళు కారుతుంటే సింకు అంచు పట్టుకుని నిలబడింది.

"నాయనమ్మా, మంట."

"మంట పుడితేనే మానుతుంది. ఇంకోసారి."

మేస్త్రి పొయ్యి దగ్గర నుంచి తొంగి చూసి, "అమ్మగారూ, ఆ నీళ్ళలో ఎన్ని గ్రాముల ఉప్పు వేశారో పిట్టమ్మనే చెప్పమనండి. మళ్ళీ లెక్క తప్పితే కష్టం" అన్నాడు. పిట్ట నోట్లో నీళ్ళు ఉంచుకునే నవ్వింది. నవ్వి, మంటకి మొహం ముడుచుకుంది. నేను మేస్త్రిని నీ పని నువ్వు చూసుకోమన్నాను.

మార్చి 19

పెదవుల మూలలు రెండు వైపులా చిట్లాయి. చలికాలం కాదు. నాలుకతో తడుపుకుంటూ ఉంటుంది, అందుకే. వెన్న రాశాను.

కోడలు "డాక్టరుకి చూపిద్దాం అత్తయ్యా, నోరు ఇలా పూయడం ఇది మూడో నెల" అంది. నోటిపూతకి బిళ్ళలు తెచ్చాం కదా అన్నాను. "అవి అయిపోయాయి కూడా" అంది. నాకు చెప్పకుండా అయిపోతాయా? సీసా చూశాను. అయిపోయాయి. ఇంకో సీసా తెప్పించాను.

దాని క్లాసులో వాళ్ళందరికంటే పిట్టే పొట్టి. గోడ మీద గుర్తు పెట్టి కొలిచాను. పద్నాలుగు నెలల్లో ఒకటిన్నర సెంటీమీటర్లు. వాళ్ళమ్మ వైపు అందరూ పొట్టివాళ్ళే.

మార్చి 27

ఇది లెక్క తేల్చాల్సిన విషయం.

ఈ నెలలో పిట్ట "నోరు నొప్పిగా ఉంది, ఈ రోజు రుచి చూడను" అన్న రోజులు పదహారు. ప్రతిసారీ నేను టార్చి వేసి చూశాను. పుండు కనబడిన రోజులు తొమ్మిది. మిగతా ఏడు రోజులు నోట్లో ఏమీ లేదు. నాలుక శుభ్రంగా, నున్నగా, అద్దంలా ఉంది. అయినా మండుతోందంది.

కనుక ఏడు అబద్ధాలు.

ఈ ఉదయం అందరూ ఉండగానే అడిగాను. "ఏదీ పుండు? చూపించు." నోరు తెరిచింది. మా వాడినీ చూడమన్నాను. మేస్త్రినీ చూడమన్నాను. అతను తల తిప్పుకుని "నా కళ్ళు పొగకి పోయాయి అమ్మగారూ" అన్నాడు. మా వాడు చూసి "ఏం కనబడట్లేదమ్మా" అన్నాడు.

"విన్నావా? పని తప్పించుకోవడానికి అబద్ధం చెప్పేవాళ్ళు ఈ ఇంట్లో ఇంతవరకూ లేరు" అన్నాను.

పిట్ట నోరు మూసుకుంది. ఏడవలేదు. ఏడుస్తుందనుకున్నాను.

ఆరు ముక్కలు పెట్టాను. ఆరూ తింది.

ఏప్రిల్ 2

అన్నీ గట్టిగానే ఉన్నాయని సరిగ్గా తినడం లేదు. మూడు పూటలా పాలల్లో రస్కులు నానబెట్టి నేనే పెడుతున్నాను. పూటకి నాలుగు. మెత్తగా గొంతులోకి జారిపోతుంది. ఎవరూ పట్టించుకోకపోయినా నేను పట్టించుకోవాలి కదా.

ఏప్రిల్ 6

పిట్ట ఇప్పుడు నొప్పి అనడం మానేసింది. పొద్దున్నే దానంతట అదే కిందికి వస్తుంది, ముక్క తీసుకుంటుంది, "సరిపోయింది" అంటుంది.

"నోరెలా ఉంది?"

"బాగుంది."

"మంట?"

"లేదు."

ఒక్క మాట గట్టిగా అనేసరికి దారిలో పడింది. కోడలితో ఇదే అన్నాను. కోడలు గిన్నెలు తోముతూనే ఉంది.

ఏప్రిల్ 10

ఉప్పు సగమే వేసి ఒక బన్ను విడిగా కాల్పించాను. పరీక్షించాలని. పిట్ట "సరిపోయింది" అంది.

మళ్ళీ అడిగితే మళ్ళీ అదే అంది.

మూడు ముక్కలు పెట్టాను.

ఏప్రిల్ 15

సరిగ్గా నానని రస్కు కొరికితే ముందు పన్ను అంచు పెచ్చులా ఊడి చేతిలోకి వచ్చింది. వాళ్ళమ్మ ఇక నన్ను అడగలేదు. చెప్పులు వేసుకుంది. నేనూ వెళ్ళాను. పళ్ళు ఎలా తోమిస్తానో డాక్టరుకి చెప్పాల్సింది నేనే కదా.

పళ్ళ డాక్టరు ఆడపిల్ల. మా పెద్ద క్లాసుల పిల్లలా ఉంది. (బడిలో లెక్కలు చెప్పిన రోజులు పోయి పాతికేళ్ళయినా నాకు అందరూ క్లాసు పిల్లల్లానే కనబడతారు.) దీపం వంచి చాలాసేపు చూసింది.

"పళ్ళు తోముకుంటుందా?"

"గడియారం పెట్టుకుని నేనే పక్కన నిలబడతాను. రెండు పూటలా మూడేసి నిమిషాలు. చాక్లెట్లు మా ఇంట్లో లేవు."

"నేను అనేదీ అదేనండీ. ఇంత శుభ్రంగా ఉన్న నోట్లో ఇలాంటి పళ్ళు ఉండకూడదు. ఇటు రండి, చూడండి."

చిన్న అద్దం పెట్టి చూపించింది. ముందు పళ్ళ మీద అడ్డంగా గాళ్ళు, సన్నని గుంటలు, పసుపు మచ్చలు. అవి నాకు తెలుసు. నేను గార అనుకున్నాను. వంట సోడాతో రుద్దించాను కూడా.

"ఎడమ పన్ను మీద గాడి ఎక్కడుందో కుడి పన్ను మీదా సరిగ్గా అక్కడే ఉంది. కింద కూడా అంతే. వెనక దంతాలూ అంతే. మురికి ఇలా రెండు వైపులా సరిసమానంగా పంచుకోదండీ" అని నవ్వింది. "ఈ పళ్ళు బయటికి రాకముందు, దవడలో తయారవుతున్నప్పుడే పైపొర సరిగ్గా పడలేదు. అప్పుడు పిల్లకి ఏ రెండేళ్ళో మూడేళ్ళో ఉంటాయి. కోరపళ్ళు కూడా ఇప్పటికి రావాలి. రాలేదు."

తర్వాత నాలుక చాపమంది. పిట్ట చాపింది.

"నాలుక మీద సన్నగా నూగులా ఉంటుంది చూశారా, మీకూ నాకూ? ఈ అమ్మాయికి లేదు. రాలిపోయింది. అందుకే ఇంత నున్నగా, ఎర్రగా ఉంది. రుచి తెలియదు. పుండు లేకపోయినా ఇది మండుతూనే ఉంటుంది. మంచినీళ్ళు తాగినా మండుతుంది." పిట్ట వైపు వంగింది. "నొప్పి పుడుతోందని ఇంట్లో చెప్పలేదా నాన్నా?"

పిట్ట డాక్టరు వైపు కాదు, నా వైపు చూసింది.

"నొప్పి లేదండీ" అంది.

నేను గది బయట అరగంట కూర్చున్నాను. తర్వాత డాక్టరు మళ్ళీ లోపలికి పిలిచి, కడుపు డాక్టరుకి చీటీ రాయడం మొదలుపెట్టింది. "గోధుమ పడకపోవడం అయి ఉండొచ్చు. పేగులో ఉండే జబ్బు, కొందరిలో ముందు నోట్లోనే కనబడుతుంది" అంది. మీ వృత్తి ఏమిటని అడిగింది. కోడలు చెప్పింది. డాక్టరు పెన్ను ఆపింది.

ఏప్రిల్ 16

పుండు లేకపోయినా మండుతూనే ఉంటుంది.

ఏప్రిల్ 17

పుండు లేకపోయినా మండుతూనే ఉంటుంది.

రక్తం ఇచ్చి వచ్చారు.

ఏప్రిల్ 22

రక్తంలో ఉంది. సీలియాక్ జబ్బు అని పేరు. గోధుమలోని జిగురు లోపలికి వెళ్తే ఒళ్ళు తన పేగు మీద తానే తిరగబడుతుందట. పేగు సత్తువ పీల్చుకోదు. అందుకే ఎదగలేదు, నోరు పూసింది, నాలుక అలా అయింది. వాళ్ళమ్మ వైపు వాళ్ళు పొట్టివాళ్ళవడం వల్ల కాదు.

పూర్తిగా తేలాలంటే గొంతులోంచి గొట్టం పంపి పేగులో చిన్న ముక్క తీసి చూడాలి. మే 7న రమ్మన్నారు.

ఆ తర్వాత కడుపు డాక్టరు అన్న మాట అక్షరం పొల్లుపోకుండా రాస్తున్నాను. "అప్పటిదాకా గోధుమ మానకూడదు. మానేస్తే పేగు కాస్త మానిపోయి పరీక్షలో సరిగ్గా తేలదు. రోజుకి రెండు బ్రెడ్డు ముక్కలు తప్పనిసరిగా తినాలి."

"ఇంకా పదిహేను రోజులా?" అంది కోడలు.

"పదిహేను రోజులు" అన్నాడు డాక్టరు.

ఏప్రిల్ 23

రెండు ముక్కలు. నలభై నాలుగు గ్రాములు.

ఎవరు పెట్టాలి? కోడలు "నా వల్ల కాదు" అని లేచి వెళ్ళిపోయింది. మా వాడు ప్లేటు పట్టుకుని, పెట్టలేక, దాని ముందు కూర్చుని ఏడ్చాడు. పిట్టే వాడి చేతిలోంచి ప్లేటు తీసుకుంది.

"ఇటివ్వు నాన్నా. నాకు అలవాటే."

ఏప్రిల్ 24

రెండు ముక్కలు. నలభై మూడు గ్రాములు.

తిన్నాక మంట ఉందా అని అడిగాను. లేదంది.

ఏప్రిల్ 26

రెండు ముక్కలు. నాలుక అడుగున కొత్త పుండు. దాన్ని నేను చూస్తున్నాను. పిట్ట నొప్పి లేదంటోంది.

ఏప్రిల్ 29

రెండు.

పాలల్లో నానబెట్టనా అని అడగబోయి ఆగిపోయాను. రోజుకి పన్నెండు రస్కులు, పదమూడు రోజులు. నేనే, నా చేత్తో.

మే 3

రెండు. "ఇంకా నాలుగు రోజులే" అన్నాను. పిట్ట నన్ను ఓదార్చింది. "పర్లేదు నాయనమ్మా, ఉప్పు చెప్పక్కర్లేదుగా" అంది.

మే 7

ముక్క తీశారు. మత్తు వదలక ముందు నిద్రలో నాలుక బయటపెట్టి ఏదో లెక్కపెట్టింది. ఇరవై దాకా.

మే 14

అదే జబ్బు. జీవితాంతం గోధుమ లేదు. మందు కూడా లేదు, తినకపోవడమే మందు. నాలుక మీద నూగు తిరిగి వస్తుందట. రుచీ వస్తుందట. పళ్ళ మీది గాళ్ళు మాత్రం అలాగే ఉంటాయి, పెద్దయ్యాక తొడుగులు వేయించాలి.

డాక్టరు నాతో విడిగా మాట్లాడాడు. ఈ జబ్బు మీ వల్ల రాలేదు పెద్దమ్మగారూ, పుట్టుకలోనే ఉంటుంది అన్నాడు. మంచివాడు. కానీ నేను అడిగింది అది కాదు. పిల్ల నొప్పి అని చెప్పిన రోజే తీసుకొచ్చి ఉంటే అని అడిగాను. మూడు నెలల బాధ తప్పేదన్నాడు. తర్వాత ఇలా అన్నాడు: "ఇక మీదట మీకు కాపలా ఆ పిల్లే. ఎక్కడో ఒక చోట పిండి కలిసిన తిండి నోట్లోకి పోతూనే ఉంటుంది. ఈ పిల్లకి ముందు నోరే చెబుతుంది. మండిన మొదటి రోజే చెప్పాలి. చెప్పకపోతే మనకి తెలిసే దారి లేదు. లోపల పేగు మళ్ళీ పాడవుతూ పోతుంది."

పక్క గదిలో పిట్ట నర్సుతో అంటోంది, నొప్పేమీ లేదండీ, బాగుందండీ.

మే 15

రిజిస్టరు తీశాను. మార్చి 5 నుంచి ఏప్రిల్ 14 దాకా, దుకాణం మూసిన ఒక్క రోజు పోను, నలభై ఉదయాలు. అదనపు ముక్కలు నూట ముప్పై ఒకటి. మూడుసార్లు కూడాను. నూట ముప్పై ఒకటే.

మార్చి 4న "నేనేమీ కోప్పడలేదు" అని రాసుకున్నాను. అది అబద్ధం. దాని భుజం పట్టుకుని కుదిపాను.

మే 18

కింద దుకాణంలో పిండి జల్లిస్తే పైన మా ఇంట్లో అద్దం మీద తెల్లగా పడుతుంది. పక్కబట్టల మీద, పళ్ళు తోముకునే బ్రష్షు మీద, తాగే గ్లాసు మీద. ఈ ఇల్లు ఇలాగే ఉంటుందని నలభై ఏళ్ళుగా గొప్పగా చెప్పుకున్నాను. మా ఇంట్లో ఊపిరి పీల్చినా రొట్టె వాసనే అనేదాన్ని.

డాక్టరు ఈ ఇంట్లో ఉండకూడదన్నాడు.

"పొయ్యి ఆర్పేద్దాం" అన్నాను మా వాడితో.

"ఆర్పేసి? కింద పదకొండు మంది ఉన్నారమ్మా. మేస్త్రికి అరవై రెండు. ఎక్కడికి పోతాడు?"

మేస్త్రి గుమ్మంలోనే ఉన్నాడు. "నా సంగతి వదిలెయ్యండి బాబూ. నేను ఎక్కడైనా గోడకి చేరబడి నిద్రపోగలను, నలభై ఏళ్ళ నిద్ర బాకీ ఉంది" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అతనూ నవ్వలేదు. "పిట్టమ్మకి నేను కూడా దగ్గరుండి ముక్కలు కోసిచ్చాను అమ్మగారూ. ఒక్కరోజైనా వద్దనలేదు" అన్నాడు.

పొయ్యి ఉంటుంది. పిట్టా, వాళ్ళమ్మా వెళ్తారు. ఇరవై నిమిషాల నడక దూరంలో మూడో అంతస్తులో రెండు గదులు దొరికాయి. మా వాడు పని అయ్యాక ఇక్కడే స్నానం చేసి, బట్టలు మార్చుకుని అక్కడికి వెళ్తాడు.

మే 23

సామాను సర్దుతుంటే "నేనూ వస్తాను" అన్నాను. "ఉప్పు తూచడం మేస్త్రికి నేర్పిస్తాను. నాలుగు చీరలు చాలు నాకు."

కోడలు దుప్పటి మడత పెట్టడం ఆపింది. పెళ్ళయి వచ్చిన పద్నాలుగేళ్ళలో నా మాటకి ఎదురు చెప్పలేదు.

"వద్దు అత్తయ్యా."

"ఎందుకు?"

"కొన్నాళ్ళు మీ గొంతు వినపడకుండా తిననివ్వండి దాన్ని."

మే 24

వెళ్ళారు.

మే 25

ఆరూ పది. మొదటి ట్రే. బన్ను విరిచాను. చేతిలో పట్టుకుని నిలబడ్డాను. మేస్త్రి వచ్చి తీసుకున్నాడు.

జూన్ 8

ఆదివారం వెళ్ళాను. తలంటుకుని, బీరువాలో అట్టడుగున ఉన్న, పిండి సోకని చీర కట్టుకుని. పిట్ట తలుపు తీసింది. పెదవుల మూలలు మానాయి. అరకిలో బరువు పెరిగిందట. నాలుక చూపించమని అడగలేదు. అడగకుండా ఉండటానికి కిటికీలోకి చూస్తూ కూర్చున్నాను.

కోడలు అన్నం, కూర పెట్టింది. పిట్ట తింటూ "అమ్మా, కూరలో ఉప్పు ఎక్కువైంది" అంది.

నిజంగానే ఎక్కువైందట. కోడలు రుచి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటగదిలోకి వెళ్ళింది.

వచ్చింది. రుచి వచ్చింది దానికి.

జూన్ 22

పిట్ట బిస్కెట్లు తినక రెండు నెలలు. బేకరీ పిల్ల. నేను చేసి పెడతాను. బియ్యప్పిండితో. కింద కాదు, పైన వంటింట్లో, గదంతా రెండుసార్లు కడిగి. గిన్నె కొత్తది. గరిట కొత్తది. ట్రే కొత్తది. వెన్న కొత్త డబ్బాలోది. బియ్యం నేనే ఏరి, కడిగి, ఆరబెట్టి, కొత్త మిక్సీలో పట్టాను. అన్నీ ఒక కాగితం మీద రాసుకుని ఒక్కొక్కటీ టిక్కు పెట్టాను.

ఇరవై నాలుగు వచ్చాయి. డబ్బాలో పెట్టి, కాగితంతో సహా పిట్ట దగ్గరికి పట్టుకెళ్ళాను. పిట్ట ఒకటి తిని, "చాలా బాగున్నాయి నాయనమ్మా" అంది. పేరు పెట్టి పిలిచినట్టుంది నాకు. నాయనమ్మా అని అది తనంతట తాను పిలిచి ఎన్నాళ్ళయిందో.

జూన్ 29

ఇరవై నాలుగు. డబ్బా ఖాళీ చేసి ఉంచింది.

జూలై 6

ఇరవై నాలుగు. ఈసారి కాస్త యాలకుల పొడి వేశాను. నన్ను గుమ్మం దాకా సాగనంపింది.

జూలై 13

వెళ్ళేసరికి కోడలి మొహం బాగాలేదు. పిట్ట రాత్రి వేసుకున్న దిండు గలీబు మీద రక్తం చుక్కలు. నోరు తెరిపించి చూసిందట. ఐదు పుళ్ళు. కనీసం రెండు వారాలవి. ఒకటి మానుతుంటే ఇంకొకటి. పిల్ల ఒక్క మాట చెప్పలేదు.

"ఇంట్లో గోధుమ నలుసు కూడా లేదత్తయ్యా. సబ్బు దగ్గర నుంచీ చూశాను. ఎక్కడ నుంచి వస్తోంది?"

"ఎందుకు చెప్పలేదు?" అని పిట్టని అడిగాను.

"నొప్పి లేదు."

బిస్కెట్ల డబ్బా నా ఒళ్ళోనే ఉంది. అప్పటికీ నాకు తట్టలేదు.

జూలై 14

కాగితం మళ్ళీ చదివాను. గిన్నె, గరిట, ట్రే, వెన్న, బియ్యం, మిక్సీ.

జల్లెడ లేదు కాగితంలో.

బియ్యప్పిండిని పాత జల్లెడతో జల్లించాను. ఉక్కుది, శుభ్రంగా కడిగాను, తళతళలాడుతోంది కనుక లెక్కలోకి రాలేదు. ఇప్పుడు వెలుతురులో పట్టుకుని నల్లగుడ్డ మీద కొట్టాను. గుడ్డ మీద తెల్లగా సన్నని గీత పడింది. దాన్ని పెద్ద ట్రే బన్నులకి నలభై ఏళ్ళు వాడాను.

మూడు వారాలు. డెబ్బై రెండు బిస్కెట్లు. మొదటి వారమే దానికి తెలిసి ఉంటుంది. తెలిసీ ప్రతి ఆదివారం నా ఎదురుగా కూర్చుని తింది. డబ్బా ఖాళీ చేసి ఇచ్చింది. గుమ్మం దాకా వచ్చింది.

కోడలికి ఫోన్ చేసి చెప్పాను. తర్వాత "ఆదివారం రండి. మీరే చెప్పండి దానికి" అంది.

జూలై 20

వెళ్ళి వచ్చాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఖాళీ చేతులతో వెళ్ళాను. కోడలు వంటగదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. పిట్ట మంచం మీద కాళ్ళు ముడుచుకుని బొమ్మ గీస్తోంది. నేను కుర్చీలో కూర్చున్నాను.

"జల్లెడలో పాత పిండి ఉంది. బిస్కెట్లలోకి అదే వచ్చింది. నేను చూసుకోలేదు" అన్నాను.

"పర్లేదు."

"నోరు మండింది కదా?"

"లేదు. బాగున్నాయి."

"ఎందుకు తిన్నావు?"

పెన్సిల్ ఆపింది. "నువ్వు అన్నీ కొత్తవి కొన్నానన్నావు కదా. కాగితం కూడా చూపించావు. మండుతోందంటే నమ్మవుగా."

నేను ఇంటి దగ్గర కూడబెట్టుకున్న మాటలు అప్పుడు చెప్పాను. మార్చిలో నువ్వు అబద్ధం చెప్పలేదు. పుండు లేకపోయినా మండుతుందట, నాకు తెలియదు. తెలియకపోతే నిన్ను నమ్మాలి, నమ్మలేదు. మీ నాన్న ముందు, మేస్త్రి ముందు నిన్ను అబద్ధాలకోరువన్నాను. ఏడు రోజులు. ఆ ఏడు తేదీలూ నా దగ్గర ఉన్నాయి. ఏడూ నా తప్పే.

"తొమ్మిది" అంది పిట్ట.

"ఏంటి?"

"ఏడు కాదు, తొమ్మిది. రెండుసార్లు నువ్వు టార్చి తేలేదు. ఊరికే మొహం చూసి, ఏం లేదు పో అన్నావు. అవి రాసుకోలేదు నువ్వు."

నా లెక్కని జీవితంలో ఎవరూ దిద్దలేదు. "తొమ్మిది" అన్నాను. మళ్ళీ అన్నాను. "తొమ్మిది."

అది తల ఊపింది. మళ్ళీ గీయడం మొదలుపెట్టింది.

"డాక్టరు ఏమన్నాడో తెలుసు కదమ్మా. మండితే మొదటి రోజే చెప్పాలి. నువ్వు చెప్పకపోతే ఎవరికీ తెలియదు. లోపల పాడవుతుంది. నువ్వు పెరగాలి. చెబుతానని నాకు మాటివ్వు. నన్ను తిట్టు, కొట్టు, ఏమైనా చెయ్యి. ఈ ఒక్కటీ."

బొమ్మలో ఒక చెట్టు మొత్తం ఆకులు నింపింది.

"అమ్మకి చెప్తాను" అంది.

"సరే."

"నీకు చెప్పను."

కోపంగా అనలేదు. ఉప్పు ఎక్కువైంది అన్నట్టు అంది. ఉన్నది ఉన్నట్టు.

"సరే" అన్నాను.

"ఎప్పుడైనా చెప్తానేమో. ఇప్పుడు మాత్రం చెప్పను."

"సరే తల్లీ."

తల ఎత్తి నా వైపు చూసింది. తర్వాత వంటగది తలుపు వైపు చూసింది. మళ్ళీ నా వైపు. ఏదో చెప్పాలనుంది దానికి, నేను ఉన్నానని ఆగింది. అది అర్థం కావడానికి నాకు కొంచెం సేపు పట్టింది.

సంచీ తీసుకుని లేచాను. "వస్తానమ్మాయ్" అని కోడలికి వినబడేలా చెప్పి బయటికి వచ్చి తలుపు వేశాను. రెండు మెట్లు దిగానో లేదో లోపల పరుగెత్తిన చప్పుడు.

"అమ్మా, ఇక్కడ. ఇక్కడ కూడా. నిన్నటి నుంచీ."

కింది అంతస్తు దగ్గర గోడ పట్టుకుని నిలబడ్డాను. తర్వాత ఏమందో మాటలు అందలేదు. చాలాసేపు చెప్పింది.